తూర్పుకు తిప్పిన రాయి

మా కాలనీ పోచమ్మ గుడి చరిత్ర రాసి ఇవ్వమని తెలుగు సమాజం వాళ్లు నన్ను అడిగారు. అడగడం న్యాయమే. గద్దె కట్టించింది నేను, పైన రేకులు వేయించింది నేను, మొదటి బోనం ఎత్తించింది నేను. కానీ కాగితం ముందు కూర్చున్నాక గుడి సంగతి రాలేదు. లస్మయ్య సంగతే వచ్చింది. నాలుగుసార్లు చింపి మళ్లీ మొదలుపెట్టినా అదే వచ్చింది. ఇక చింపడం మానేశాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాతిది అర్థం కాదు. నా పేరు సదానందం. సిరిసిల్ల పక్క పల్లెలో, ఊరి బడిలో ఏడో తరగతి వరకు చదివాను. మా పంతులు నా చేతిరాతను పెద్ద తరగతి పిల్లలకు చూపించి సిగ్గుపడమనేవాడు. ఎనభై నాలుగులో సూరత్ బండి ఎక్కాను. ఎనిమిదేళ్లలో మాస్టర్‌నయ్యాను. ఇక్కడ మాస్టర్ అంటే బడిపంతులు కాదు. సాంచాలను, అంటే కరెంటు మగ్గాలను, బిగించేవాడు, చెడితే చప్పుడు విని రోగం చెప్పేవాడు, కొత్తవాళ్లను పనిలో పెట్టేవాడు. సూరత్ పక్క సచిన్‌లో ఒక సేటు పాత ఖార్ఖానా వదిలి కొత్త షెడ్డులోకి మారినప్పుడు డెబ్బై రెండు సాంచాలను నాలుగు రోజుల్లో విప్పించి, మోయించి, మళ్లీ బిగించి నడిపించాను. ఒక్క బోల్టు మిగల్లేదు. మన దిక్కు నుంచి వచ్చిన రెండు వందల పద్నాలుగు మందికి పని ఇప్పించాను. పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను. కాలనీలో మొదటి బతుకమ్మ నా వాకిట్లోనే ఆడారు. గుడి కట్టేనాటికి ఏడు శాలువాలు కప్పారు.

ఆ నోటుపుస్తకంలో నూట అరవై ఒకటో పేరు లస్మయ్య. నూట అరవై రెండు అతని అన్న బుచ్చిరాములు.

ఇద్దరూ రెండు వేల తొమ్మిదిలో వచ్చారు. మెట్‌పల్లి అవతల గొర్లకాపరుల ఇల్లు వాళ్లది. కరువులో మంద పోయింది, మనుషులు మిగిలారు. లస్మయ్య సన్నగా, ఎప్పుడూ కాస్త ముందుకు వంగి నడిచేవాడు. బుచ్చిరాములు భారీ మనిషి, పుట్టు మూగ, చెవుడు కూడా. వాళ్లిద్దరి మధ్య వేళ్లతో ఒక భాష నడిచేది. అది ఇంకెవరికీ రాదు.

"మీ అన్నకు ఇనపడకుంటె సాంచ తప్పు ఎట్ల పడుతడు?" అని అడిగాను.

"మీ ఖార్ఖానాల ఆ మోతకు ఇనపడేటోడు ఎవడున్నడు మాస్టరూ," అన్నాడు లస్మయ్య.

నవ్వొచ్చింది. ఇద్దరినీ పెట్టుకున్నాను. బుచ్చిరాములు సాంచ చట్టం మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. దారం తెగబోతున్నదని నా చెవికి తెలియకముందే అతని అరచేతికి తెలిసేది. తెలిసిన ప్రతిసారీ నోరు తెరిచి చప్పుడు లేకుండా నవ్వేవాడు. రెండో ఏడు ఎడమచేతి చిటికెన వేలు సాంచలో పోయింది. కట్టు కట్టించుకుని మర్నాడు మళ్లీ వచ్చి అదే చెయ్యి ఆనించాడు.

ఈ మాట ఉత్తరాన కిమ్ అనే ఊళ్లో ఉన్న ఒక సేటుకు చేరింది. అట్లాంటి మనిషి కావాలన్నాడు. నేను మాటిచ్చాను. లస్మయ్య ఒప్పుకోలేదు.

"మేమిద్దరం ఎన్నడు ఎడబాయలే మాస్టరు. ఆయన ఒక్కడు ఉండలేడు."

"కిమ్ ఏమన్న దుబాయా? బస్సెక్కితె గంటన్నర. వారం వారం పోయి తోల్కరా."

పంపించాను. నా మాట ఆ రోజుల్లో ఎవరూ దాటలేదు. బుచ్చిరాములు కిమ్‌లో ఖార్ఖానాలోనే పడుకునేవాడు. సెలవు రోజున లస్మయ్య వెళ్లి తీసుకొచ్చేవాడు, సాయంత్రం మళ్లీ దింపి వచ్చేవాడు. తొమ్మిదేళ్లు అట్లా నడిచింది. బుచ్చిరాములు బస్సులో కూర్చోగానే నిద్రపోయేవాడు. అందుకే తొమ్మిదేళ్లు తిరిగినా దారి అతనికి తెలియదు. కాలనీ పేరు రాసి చూపిస్తే చదవలేడు, ఎవరినైనా అడగలేడు.

లాక్‌డౌన్ వచ్చింది. కిమ్‌లో ఖార్ఖానా మూశారు. లోపల ఉన్న ఒడియా కుర్రవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని హైవే ఎక్కారు. వాళ్ల వెనకాలే బుచ్చిరాములు కూడా నడిచాడని వాచ్‌మన్ చెప్పాడు. వాళ్లందరూ ఎప్పటికో వాళ్ల ఊళ్లకు చేరారు. బుచ్చిరాములు కాలనీకీ రాలేదు, మెట్‌పల్లికీ పోలేదు.

బస్సులు తిరగడం మొదలయ్యాక లస్మయ్య వెతికాడు. దరఖాస్తు హిందీలో నేనే రాసిచ్చాను. ఠాణాలో అది చదివిన జమాదారు, రాత ఎవరిదని అడిగాడు. ఫొటో అంటించారు. ఆసుపత్రులు, అనాథ ఆశ్రమాలు, స్టేషన్లు అన్నీ చూశాడు. ఏడాది తర్వాత ఠాణాలో కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ మొదటి నుంచి అడగడం మొదలుపెట్టారు. లస్మయ్య వెళ్లడం మానేశాడు.

అప్పుడు మొదలుపెట్టాడు రాళ్లు.

సూరత్ మట్టి నేల. రాయి కావాలంటే వెతుక్కోవాలి. విరిగిన ఫుట్‌పాత్ అంచులు, కూలగొట్టిన ఇళ్ల సిమెంటు పెళ్లలు, నేలకు పరిచే కోటా రాయి ముక్కలు, ఎవరో పారేసిన పాత రుబ్బురోలు, ఇవన్నీ సైకిల్ వెనక గోనెసంచిలో వేసుకుని వచ్చేవాడు. కాలనీ మలుపులో, హైవే నుంచి వచ్చే దారి మూడుగా చీలే చోట, నడుమెత్తు పేర్చాడు. కింద వెడల్పు రాయి, దాని మీద రెండు, వాటి మీద పొడుగాటి పలక ఒక వైపుకు బయటికి పొడుచుకొచ్చేట్టు, ఆ పలక కదలకుండా పైన ఒక గుండ్రాయి. దూరం నుంచి చూస్తే ఒక చెయ్యి చాచి నిలబడ్డ మనిషిలా ఉండేది. చెయ్యి లస్మయ్య గది ఉన్న గల్లీ వైపు.

"ఏందిర ఇది?" అని అడిగాను.

"ఆనవాలు మాస్టరు. మా నాయిన మందతోని ముందు పోతుండె. నేను, అన్న ఎన్క సామాను తోని. రెండు తొవ్వలు కల్సిన కాడ నాయిన గిట్ల పేర్చి పోతుండె. పలక ఎటుంటె మేమటు. నాయినకు అన్నతోని మాట్లాడరాదు గద, ఆయన కోసమే మొదలువెట్టిండు. మా అన్నకు అచ్చరం రాదు గని రాయి సదువుతడు."

"పలక కింద పడుంటె?"

"పలక దించి రాళ్ల ముందట కింద అడ్డం పెట్టిండనుకో, ఈడ ఎవ్వలు లేరు, సూడకుండ్రి అని. నాయిన ఎన్నడు గట్ల పెట్టలే. నాకు చెప్పిండు, అంతే."

కిమ్ ఖార్ఖానా గేటు నుంచి మా మలుపు దాకా, తాపీ వంతెన దాటి, దారి చీలిన ప్రతిచోటా పేర్చాడు. ఇరవై ఆరు. ప్రతి సెలవు రోజున తెల్లవారుజామునే సైకిలెక్కి ఉత్తరం వైపు వెళ్లేవాడు. లారీ తగిలి పడిపోయినవి నిలబెట్టేవాడు. రోడ్డు పనివాళ్లు ఎత్తుకుపోతే కొత్తవి పెట్టేవాడు. చీకటి పడకముందే తిరిగి వచ్చేవాడు. ఒకసారి సైకిల్ చైన్ తెగి బార్డోలీ దారి దగ్గర చెరుకు లారీ ఎక్కి వచ్చాడు. అప్పుడు అతనికి యాభై మూడేళ్లు. ఎక్కడో ఒకచోట అన్న ఏదో ఒక రాయి చూస్తాడు, ఒక్కటి చూస్తే చాలు, మిగతావి వాటంతటవే తీసుకొస్తాయి. అతని నమ్మకం అంతే. పెళ్లి మాట ఎత్తితే, అన్న వచ్చినంక చూద్దాం అనేవాడు.

మా మలుపు రాయికి మొదట పసుపు రాసింది నర్సవ్వ. లాక్‌డౌన్ తర్వాత వచ్చి ఆ మలుపులోనే టీ బండి పెట్టుకున్న ఆవిడ, బుచ్చిరాములును ఎన్నడూ చూడలేదు. ఆమె మనవరాలికి తొమ్మిది రోజులు జ్వరం తగ్గలేదు. పదో రోజు తగ్గింది. ఆ పదో రోజు పొద్దున ఆమె రాయి దగ్గర చెంబెడు నీళ్లు పోసిందట. తర్వాత బొట్లు పెట్టారు. ఎవరో ఎర్ర రవికె గుడ్డ కట్టారు. వేపకొమ్మ పెట్టారు. నలభై ఏళ్లుగా సొంత దేవత లేకుండా ఉన్నాం మేము. ఇక్కడి గుళ్లలో మన బోనం ఎత్తుకుని వెళ్తే వింతగా చూసేవాళ్లు. కాబట్టి ఆ ముందడుగు నేనే వేశాను. సమాజాన్ని పిలిచి, ఈ అమ్మ పోచమ్మ, మన కోసం వెలిసింది, గద్దె కట్టాల్సిందే అన్నాను. వాస్తు తెలిసిన బ్రహ్మచారి అనే వడ్రంగిని పిలిచాను.

"చెయ్యి చాచిన దిక్కే అమ్మ మొకం. మొకం తూర్పుకుండాలె మాస్టర్ సాబ్. ఇది పడమర గల్లీ దిక్కున్నది," అన్నాడు బ్రహ్మచారి.

"తిప్పుదాం," అన్నాను.

ఆ రోజు సెలవు. లస్మయ్య ఉత్తరం దారిలో ఉన్నాడు. నలుగురం కలిసి రాళ్లు విప్పి, తూర్పుకు తిప్పి మళ్లీ పేర్చి, సిమెంటుతో బిగించాం. డెబ్బై రెండు సాంచాలు బిగించిన చేతులు నావి. గట్టిగా బిగించాను. తూర్పున ఏముందని ఎవరమూ ఆలోచించలేదు. తూర్పున ఖాడీ ఉంది. పోటుకు ఉప్పునీళ్లు నిండి, ఆటుకు మోకాలిలోతు బురద తేలే వాగు. అటువైపు ఇళ్లు లేవు.

సాయంత్రం లస్మయ్య వచ్చాడు. సైకిల్ దిగకుండానే చూశాడు.

"మాస్టరూ, రాయి తిప్పిండ్రా?"

"రాయి గాదు, అమ్మవారు. జర చెప్పులిడిసి మాట్లాడు."

"మా అన్న వస్తె ఖాడీలకు పోతడు మాస్టరు."

"మూడేండ్లాయె లస్మయ్యా. వచ్చేటోడైతె రాకపోవునా?"

అతను వెళ్లి పలక పట్టుకుని లాగాడు. రాలేదు. ఆడవాళ్లు అరిచారు. పదిమందిలో నేను అతని చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగి, "నీకు పని ఇప్పించిన చెయ్యి ఇది. దేవతను ముట్టకు," అన్నాను. నేనన్న మాటే రాస్తున్నాను. ఒక్క పదం కూడా మార్చలేదు.

మర్నాడు పక్కనే ఇంకొకటి పేర్చాడు, గల్లీ వైపు చూపిస్తూ. వారం తిరగకముందే దానికీ పసుపు రాసి, పోతరాజు అన్నారు. పోతరాజు అమ్మకు ఎదురుగా ఉండాలని ఎత్తి అవతల, పలక లేకుండా, పెట్టారు. లస్మయ్య ఇక పేర్చలేదు. మిగతా ఇరవై ఐదింటికి మాత్రం వెళ్తూనే ఉన్నాడు. చివరి రాయి తప్పు చెప్తోంటే ముందు రాళ్లను ఎందుకు నిలబెడతావని నర్సవ్వ ఒకసారి అడిగిందట. "గీడిదాక వస్తె నేను పనికెళ్లి వచ్చేటప్పుడు కనబడడా," అన్నాడట. ఆ మలుపు మీదుగానే రోజూ రెండుసార్లు అతను షిఫ్టుకు వెళ్లి వచ్చేవాడు. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు అక్కడ కాసేపు నిలబడేవాడు. దండం పెట్టేవాడు కాదు.

గుడి మొదటి ఏడాది పండుగకు కరపత్రం వేయాలి. సమాజం కోశాధికారి గురుమూర్తి గారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. వాళ్ల అమ్మాయి ఇందుజ చీరల మీద వేసే డిజైన్లు గీసే కంపెనీలో పని చేస్తుంది. అమ్మవారి ఫొటో పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఇందుజ ఫొటో చూసి, "అంకుల్, ఏక్ మినిట్," అని తన ఫోన్ తీసింది.

కెనడా నుంచి ఒక కొనుగోలుదారు పంపిన ఫొటోలట. అతను కారులో ఉత్తరం వైపు చాలా రోజులు ప్రయాణం చేసి, దారి పక్కన కనబడ్డవన్నీ ఫొటోలు తీశాడు. వాటితో పరదా గుడ్డ మీద ముద్ర వేయాలట. ఒక్కొక్కటే జరిపి చూపించింది. చెట్టు లేదు, ఇల్లు లేదు. బూడిదరంగు బండనేల, దూరంగా మంచు, ఖాళీగా ఒక రోడ్డు. రోడ్డు పక్కన గుట్ట మీద పేర్చిన రాళ్లు. వెడల్పు రాయి, దాని మీద రెండు, పైన పొడుగాటి పలక, గుండ్రాయి. మా అమ్మే.

"అక్కడ ఇన్యూయిట్ అని మంచుదేశం వాళ్లుంటారు అంకుల్. వాళ్లవి ఇవి. దేవుళ్లు కాదు. దారి చెప్పడానికి, ఇక్కడ చేపలున్నాయి, ఇక్కడ తిండి దాచాం అని చెప్పడానికి పెడతారట. వాటి పేరుకు అర్థం, మనిషికి బదులు నిలబడేది అని. ఇంకో విషయం తెలుసా, ఇప్పుడు కార్లలో వెళ్లేవాళ్లు సరదాకి ఎక్కడపడితే అక్కడ పేరుస్తున్నారట. వాటిని నమ్మి నడిచేవాళ్లు దారి తప్పుతారని అక్కడివాళ్లు బాధపడుతున్నారు."

అంత స్పష్టంగా చెప్పింది. నేను విన్నది మాత్రం వేరు. ఎక్కడో మంచుదేశంలో కూడా మన అమ్మవారి రూపం ఉందని విన్నాను. ఆ మాటే కరపత్రంలో వేయమన్నాను. ఇందుజ నా ముఖం వంక చూసి, "అది కాదు అంకుల్," అంది. గురుమూర్తి గారు, "పెద్దాయన చెప్పినట్టు వెయ్యమ్మా," అన్నారు.

పండుగ రోజు మైకు నా చేతికిచ్చారు. నేను మైకు పట్టుకుంటే అరగంటకు తక్కువ వదలనని అందరికీ తెలుసు. గద్దె సంగతి చెప్పాను, రేకుల సంగతి చెప్పాను, మంచుదేశం సంగతి చెప్పాను. చివరికి, అమ్మ మహిమకు ఒక సాక్ష్యం అంటూ నర్సవ్వ నాకు చెప్పిన మాట కూడా చెప్పాను. హోళీ దాటిన వారంలో ఒక మూగ మనిషి వచ్చాడు. నెరిసిన గడ్డం, కాళ్లకు చెప్పులు లేవు. అమ్మవారిని చూడగానే చప్పుడు లేకుండా నవ్వాడు. అరచెయ్యి ఆ చాచిన చేతికి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. నర్సవ్వ కొబ్బరిముక్క ఇస్తే తిన్నాడు. తర్వాత అమ్మ చూపిన దిక్కుగా, సంతోషంగా, తూర్పుకు నడిచి వెళ్లిపోయాడు. మూగవాణ్ని కూడా నవ్వించిన తల్లి మన తల్లి అన్నాను. ఆ మాటలు నా నోటి నుంచే వస్తున్నా నాకు ఏమీ తట్టలేదు. చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లలో వెనక వరసలో లస్మయ్య లేచి నిలబడ్డాడు. నన్ను చూడలేదు. నర్సవ్వ దగ్గరికి వెళ్లాడు. నేను మైకు దించి వెళ్లేసరికి వాళ్ల మాటలు వినపడుతున్నాయి.

"ఏ చెయ్యితోని కొబ్బరి తీసుకున్నడు నర్సవ్వా?"

"ఎడమచేతనే అయ్యా. తప్పని చెప్దామనుకున్న, గని పాపం మూగోడు గద."

"వేళ్లు?"

నర్సవ్వ ఆలోచించింది. ఆలోచిస్తూ ఆమె ముఖం మారిపోయింది. తన ఎడమచెయ్యి పైకెత్తి చిటికెన వేలు ముడిచి చూపించింది.

"ఎప్పుడొచ్చిండు, పొద్దుగాలనా, పొద్దూకినంకనా?"

"పగలే. పన్నెండు గొట్టంగ."

పగలు పన్నెండుకు లస్మయ్య షిఫ్టులో ఉంటాడు. మలుపుకు పది నిమిషాల దూరంలో.

మేం ముగ్గురం ఖాడీ వైపు నడిచాం. గుడి నుంచి సరిగ్గా పలక చూపిన దిక్కులోనే. తుమ్మచెట్లు, పారేసిన గుడ్డపీలికల కుప్పలు, తర్వాత కట్ట. కట్ట మీదికి ఎవరూ వెళ్లరు. అక్కడ ఉన్నాయి నాలుగు రాళ్లు. చిన్నవి. కింద ఇటుక ముక్క, దాని మీద సిమెంటు పెళ్ల, దాని మీద పొడుగాటి కోటా రాయి ముక్క, కదలకుండా పైన ఒక గులకరాయి. కోటా రాయి ముక్క నీళ్ల వైపు చూపిస్తోంది. నాలుగు నెలలైనా కదల్లేదు. పేర్చడం వచ్చినవాడు పేర్చాడు.

నర్సవ్వ ఏడుపు మొదలుపెట్టింది. లస్మయ్య కూర్చున్నాడు. గులకరాయిని వేలితో తాకి అన్నాడు.

"గల్లీ గుర్తుండి గూడ రాయి దిక్కే పోయిండు. నేను ముందు పోయిననుకున్నడు. నీ ఎన్కనే వస్తున్న అని పెట్టిండు."

ఆటు సమయం. బురద నున్నగా మెరుస్తోంది. అవతలి గట్టు కనబడుతోంది, అక్కడ రొయ్యల చెరువులు, ఆ పైన ఏమీ లేదు. బుచ్చిరాములు ఆటులో దాటాడో, పోటులో దిగాడో ఎవరు చెప్తారు? ఠాణాకు వెళ్లాం. ఆ వారం ఖాడీలో ఏమీ తేలలేదని పుస్తకం చూసి చెప్పారు. అవతలి గట్టున రొయ్యల చెరువుల కాపలావాళ్లను అడిగాం. చూడలేదన్నారు. అంతకు మించి ఈ రోజు దాకా ఏమీ తెలియదు. శవం లేదు, మనిషి లేడు.

నేను సమాజం మీటింగు పెట్టించాను. రాయిని గల్లీ వైపు తిప్పాలి అన్నాను. నేను కట్టించిన గద్దె, నేను బిగించిన సిమెంటు. ఒక్కరూ ఒప్పుకోలేదు. గురుమూర్తి గారు నెమ్మదిగా, "ప్రతిష్ఠ అయ్యాక విగ్రహం కదపకూడదు సదానందం గారూ, మీరే కదా చెప్పారు," అన్నారు. బ్రహ్మచారి తల దించుకున్నాడు. నలభై ఏళ్లలో ఆ కాలనీలో నా మాట పడిపోవడం అదే మొదటిసారి. వాళ్ల తప్పు లేదు. మాట దాటకుండా ఉండడం వాళ్లకు నేర్పింది నేనే, మొదట చెప్పిన మాటను వాళ్లు దాటలేదు.

మర్నాడు ఇనుప గడ్డపార తీసుకుని లస్మయ్య గదికి వెళ్లాను.

"పద. ఎవడు ఆపుతడో చూస్త. తిప్పుదాం."

అతను గడ్డపార వంక చూశాడు. "వద్దు మాస్టరు."

"మల్ల వస్తెనో?"

"రాడు. రాయిని నమ్మిండు. కిమ్ నుంచి గీడిదాక ఇరవై అయిదు నిజం చెప్పినయి, ఆఖరిది అబద్ధం చెప్పింది. బతికున్నా ఇగ మా అన్న ఏ రాయిని నమ్మడు." నా చేతిలోని గడ్డపార తీసుకుని గోడకు ఆనించి, "మీకు స్కూటర్ ఉన్నది గద. రేపు కిమ్ దాక దించుతరా?" అన్నాడు.

నాకు డెబ్బై ఒకటి. ఇప్పటికీ స్కూటర్ నేనే నడుపుతాను, అద్దాలు లేకుండా నంబరు ప్లేటు చదువుతాను. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. లస్మయ్య వెనక కూర్చున్నాడు. నేను అతని రాళ్లను వరసగా చూడటం అదే మొదటిసారి. ఒక్కో మలుపులో ఒక్కో మనిషి నిలబడి చెయ్యి చాచి మా కాలనీ వైపు చూపిస్తున్నట్టు ఉన్నాయి. మేము ఎదురు వెళ్తున్నాం. ఇందుజ ఫోన్‌లో చూసిన ఆ బూడిదరంగు నేల గుర్తొచ్చింది. ఇక్కడ లారీలు, చెరుకు బండ్లు, పెట్రోలు బంకులు ఉన్నాయి, అంతే తేడా.

ప్రతి రాయి దగ్గర బండి ఆపమన్నాడు. దిగి, గుండ్రాయి తీసి పక్కన పెట్టి, పలక దించి, రాళ్ల ముందు నేల మీద అడ్డంగా పెట్టాడు. ఒక్కోదానికి రెండు నిమిషాలు పట్టింది. పేర్చడానికి ఒక్కోదానికి ఒక పూట పట్టి ఉంటుంది. నేను సాయం చేయబోతే వద్దన్నాడు. కామ్‌రేజ్ దాటి తాపీ వంతెన దగ్గర అతని రాయి పక్కన ఇంకో మూడు కుప్పలున్నాయి. ఫొటోలు దిగడానికి ఎవరో సరదాగా పేర్చినవి, ఏ దిక్కూ చూపించనివి. లస్మయ్య తనది మాత్రం దించాడు. ఇంకోచోట అతని రాయికి బంతిపూల దండ, అగరొత్తుల బూడిద, పక్కన గుజరాతీలో ఏదో రాసిన చిన్న రేకు ఉన్నాయి. లారీవాళ్లు మొక్కుతున్నారట.

చేయి పెట్టబోయి ఆగాడు. "ఇది గూడ దేవుడైంది మాస్టరు. పాండ్రి," అని వచ్చి వెనక కూర్చున్నాడు.

ఆ దండ తీసి పారేయడానికి నాకు చేతులు రాలేదు. రాయిని దేవుణ్ని చేయడం మొదలుపెట్టింది నేనే కదా.

కిమ్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఖార్ఖానాకు తాళం. ఆ సేటు సాంచాలు అమ్మేసి వెళ్లిపోయాడు. గేటు పక్కన గోడ నీడలో ఉంది మొదటి రాయి. అన్నిటికంటే చక్కగా పేర్చినది అదే. అడుగున ఉన్నది పాత రుబ్బురోలు. లస్మయ్య ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. గుండ్రాయి తీశాడు. పలక దించడానికి ముందు దాని మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు, సాంచ మీద ఆనించినట్టు. తర్వాత దించి, రుబ్బురోలు ముందు నేల మీద అడ్డంగా పెట్టాడు. కదులుతుందేమోనని ఒకసారి సర్దాడు.

ఈడ ఎవ్వలు లేరు, సూడకుండ్రి.

"లస్మయ్యా," అన్నాను. "నన్ను ఒక మాట అను."

"ఏం మాట మాస్టరు," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "పాండ్రి. ఇయ్యాల రాత్రి షిఫ్టు, ఆల్చమైతది."

లస్మయ్య ఇప్పటికీ అదే ఖార్ఖానాలో ఉన్నాడు. పన్నెండు సాంచాలు నడుపుతాడు. సెలవు రోజున గదిలోనే ఉంటాడు. మలుపు దగ్గర ఆగడు, ఆ వైపు చూడకుండా నడిచిపోతాడు. గుడికి ఈ ఏడాది పలకరాళ్లు పరిచారు. కట్టించినవారి పేర్లలో మొదటి పేరు నాది, పెద్ద అక్షరాలతో. ఆ పేరు తీసేయమని మూడుసార్లు అడిగాను. నా వినయం చూసి ముచ్చటపడి, ఎనిమిదో శాలువా కప్పారు.